భూమి దావా – అర్జీలో తప్పులు దిద్దుకొనుట

భూమి దావాకు అర్జీయే పునాది. 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు ప్రకారము అందులో ఉభయ పక్షముల పేర్లు, నివాసములు, తగాదా ఎప్పుడు ఎట్లు పుట్టినది, దావా విలువ, కోర్టును కోరునది మొదలగునవి వ్రాయవలెను. భూమిని హద్దులు లేక సర్వే నంబర్లతో గుర్తింపవలెను. సికింద్రాబాదులోని ఏ.ఎస్. రావు నగర్ వలె పొలములు ఇండ్ల స్థలములైన చోట ఇది మరీ ముఖ్యము. నంబరు తప్పినచో గెలిచిన డిక్రీ కూడ అమలులో చిక్కుపడును.

తప్పు కనబడిన వెంటనే సవరణకు దరఖాస్తు పెట్టుకొనవలెను. 2002 జూలై 1 నుండి అమలైన నిబంధన ప్రకారము, విచారణ మొదలైన పిమ్మట సవరణ కోరువారు, తగిన శ్రద్ధ వహించినను ముందుగా కోరలేకపోతిమని కోర్టును ఒప్పింపవలెను. అనుమతి లభించిన తరువాత, కోర్టు వేరు గడువు పెట్టనిచో, 14 రోజులలో అర్జీని దిద్దవలెను. కోర్టు గడువు పెంచిననే తప్ప ఆపైన వీలుండదు.

కావున రైతులు వకీలు వద్దకు పోవుటకు ముందే పట్టా, పహాణీ, సర్వే నక్షా సరిచూచుకొనుట మేలు.