చార్టర్ లేని ఊరు జంషెడ్‌పూర్: అపోహలు – వాస్తవాలు

పాలనాధికారం ఉన్నవారు ఒక సంస్థకో, ఊరికో, వర్తకులకో హక్కులు రాసిచ్చి, ఆ రాతకు తామూ కట్టుబడి ఉండే పత్రమే చార్టర్. 1600 డిసెంబరు 31న మొదటి ఎలిజబెత్ రాణి ఈస్టిండియా కంపెనీకి ఇచ్చింది అలాంటిదే. మద్రాసు కార్పొరేషన్ కూడా 1687 నాటి చార్టర్‌తోనే ఏర్పడింది. కద్మా, సాక్చి, బిష్టుపూర్‌లతో కూడిన జంషెడ్‌పూర్ కథ వేరు.

అపోహ: 1902లో జంషెట్‌జీ టాటా రాసిన ఉత్తరమే ఈ ఊరి చార్టర్.

వాస్తవం: అది కొడుకు దోరాబ్జీకి తండ్రి రాసిన ఉత్తరం. వీధులు వెడల్పుగా ఉండాలని, వాటి పక్కన త్వరగా పెరిగే నీడచెట్లు నాటాలని, ఆటలకూ తోటలకూ స్థలం వదలాలని, గుడులకూ మసీదులకూ చర్చిలకూ చోటు చూపాలని అందులో ఉంది. అప్పటికి టాటాల ఉక్కు కర్మాగారం ఎక్కడ కట్టాలో కూడా తేలలేదు. జంషెట్‌జీ 1904లో మరణించారు. సాక్చి ఎంపిక ఆ తర్వాతి మాట. ఆశయంగా ఆ ఉత్తరం గొప్పదే, కానీ అది ఎవరికీ హక్కు ఇవ్వలేదు, ఏ ప్రభుత్వాన్నీ కట్టడి చేయలేదు.

అపోహ: 1919లో ఊరు పుట్టింది.

వాస్తవం: ఆ ఏడాది వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ పెట్టింది పేరు మాత్రమే. ఇక్కడ ఉక్కు 1912లోనే తయారైంది.

అపోహ: చార్టర్లన్నీ ఇంగ్లండు సరుకు.

వాస్తవం: కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం ఆ కోవకు చెందినదే. తుపానుకు ఓడ పగిలి ఒడ్డుకు చేరితే, అంతకుముందు రాజులు సరుకంతా స్వాధీనం చేసుకునేవారు. ఇకపై నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని గణపతిదేవుడు మాటిచ్చాడు. రాజు తన చేతులు తానే కట్టుకోవడం ఇందులోని విశేషం.

అపోహ: ప్రభుత్వం ఊరిని టాటాలకు శాశ్వతంగా రాసిచ్చింది.

వాస్తవం: టాటాల ఉక్కు కంపెనీ టిస్కో 1907 ఆగస్టు 26న కంపెనీల చట్టం కింద రిజిస్టరైన సంస్థ, దానికి రాజశాసనమేమీ లేదు. భూసంస్కరణల చట్టం వల్ల భూమి ప్రభుత్వానికి సంక్రమించగా, 1985లో బిహార్ ప్రభుత్వం దాన్ని కంపెనీకి లీజుకిచ్చింది. 2005లో జార్ఖండ్ ప్రభుత్వం ఆ లీజును 1996 జనవరి 1 నుంచి లెక్కకు వచ్చేలా 30 ఏళ్లకు పునరుద్ధరించింది. కద్మాలో నివాసహక్కు గురించి తెలుసుకోదలచినవారు చదవాల్సింది 1902 నాటి ఉత్తరం కాదు, లీజు షరతులు.