దేనితో కొడతావు?

కెంటకీలోని మామత్ గుహల్లో తిరిగి వాటి కొలతలు తీసిన ప్రోగ్రామర్ విల్ క్రౌథర్ 1970ల నడుమ 'అడ్వెంచర్' అనే ఆట రాశాడు. బొమ్మలుండవు, అంతా రాతే. ఏం చెయ్యాలన్నా రెండు మాటల్లో టైపు చెయ్యాలి: 'టేక్ ల్యాంప్', దీపం తీసుకో. అంతకుమించి చెబితే దానికి ఎక్కదు.

డాన్ వుడ్స్ అనే మరో ప్రోగ్రామర్ పెంచిన ఆ ఆట 1977లో ఎమ్మైటీ విశ్వవిద్యాలయానికి చేరింది. అక్కడి టిమ్ ఆండర్సన్, మార్క్ బ్లాంక్, బ్రూస్ డేనియల్స్, డేవ్ లెబ్లింగ్ దాన్ని ఆడేసి, ఇంతకంటే మంచిది రాద్దామని పీడీపీ-10 కంప్యూటర్ మీద 'జోర్క్' మొదలుపెట్టారు. తొలిరోజుల్లో అదీ రెండు మాటలదే. ఆజ్ఞల్ని చదివి అర్థం చేసుకునే భాగాన్ని పదేపదే తిరగరాసి మార్చింది బ్లాంక్.

కిటుకంతా క్రియలో ఉంది. ఏ క్రియకు ఏమేం కావాలో ముందే ఒక పట్టికలో రాసి ఉంచారు. 'పెట్టు' అంటే దేన్ని, దేనిలో. 'కొట్టు' అంటే ఎవర్ని, దేనితో. బడిలో కర్మ, కరణం చదువుకున్నవాళ్లకు ఇదేమీ కొత్త కాదు. పాణిని కారకాలదీ ఈ లెక్కే. విభక్తులు లేని ఇంగ్లీషులో 'విత్', 'ఇన్' లాంటి చిన్న మాటల్ని పట్టుకుని ఏ వస్తువు ఏ ఖాళీలోకి పోవాలో తేల్చారు.

గొడ్డలితో దారికి అడ్డం నిలబడ్డ రాక్షసుణ్ణి 'కొట్టు' అని ఊరుకున్నామనుకోండి. మన చేతిలో ఆయుధం ఒక్కటే ఉంటే ఆట దాన్నే తీసుకుని, 'కత్తితో' అని బ్రాకెట్లో చూపిస్తుంది. తాను ఊహించినదాన్ని దాచకపోవడం నాకు భలే నచ్చుతుంది. ఏదీ తేల్చుకోలేకపోతే 'దేనితో కొడతావు?' అని అడుగుతుంది. 'కత్తి' అని ఒక్క మాట కొడితే చాలు, పాత ఆజ్ఞలోని ఖాళీ నిండుతుంది. అలా సగంలో ఆగిన ఆజ్ఞకు ప్రోగ్రాములో పెట్టిన పేరు 'అనాథ'!

'కత్తి తప్ప అన్నీ తీసుకో' అన్నా దానికి అర్థమవుతుంది. కానీ ఏ ఖాళీలో ఎన్ని పట్టాలన్నదీ పట్టికే చెప్పాలి. ఒక పెట్టెలో నాలుగు వస్తువులు పెట్టమంటే సరే. ఒకే వస్తువును రెండు పెట్టెల్లో పెట్టమంటే కుదరదంటుంది.

1979లో ఇన్ఫోకామ్ కంపెనీ పెట్టాక ఈ ఆటను ఇంటి కంప్యూటర్లకు తేవాల్సొచ్చింది. అంత చిన్న యంత్రాల్లో మొత్తం పట్టక ఆటను ముక్కలు చేసి అమ్మారు. గుహలకు కోత పడింది గానీ, ఆ ప్రశ్న అడిగే తీరును మాత్రం వదులుకోలేదు.