మీకు తెలుసా? కొవ్వు లేని మాంసం ఎంత తిన్నా ఆకలి తీరదు

ఆర్కిటిక్ యాత్రికుడు విల్‌యాల్మర్ స్టెఫాన్‌సన్ 1928లో న్యూయార్క్‌లోని బెల్‌వ్యూ ఆసుపత్రిలో వైద్యుల పర్యవేక్షణలో మాంసాహార ప్రయోగం మొదలుపెట్టి, ఏడాదిపాటు కొనసాగించాడు. మొదట్లో వైద్యులు కొవ్వు తీసేసిన మాంసమే పెట్టారు. రెండు మూడు రోజులకే వికారం, విరేచనాలు పట్టుకున్నాయి. కొవ్వున్న మాంసం పెట్టాక తేరుకున్నాడు. ఆ ఏడాది ఆయనకు అందిన కేలరీల్లో దాదాపు నాలుగింట మూడొంతులు కొవ్వు నుంచి వచ్చినవే! ప్రొటీన్‌ను శక్తిగా మార్చడంలో కాలేయానికి ఒక హద్దుంది మరి. ఉత్తర కెనడా అడవుల్లో కుందేళ్ల మాంసం మీదే బతకాల్సి వచ్చినవాళ్లదీ ఇదే అవస్థ.

అన్నం మానేసినా ఆ శక్తి ఎక్కువగా కొవ్వు నుంచే రావాలి కాబట్టి, మన కంచం సంగతి చూద్దాం. కప్పు అన్నంలో సుమారు 200 కేలరీలుంటాయి. రోజుకు మూడు కప్పులు మానేస్తే 600 పోయినట్టే. టేబుల్‌స్పూన్ నెయ్యి ఇచ్చేది 120. తాలింపులో వేసే నూనెతో ఆ లోటు పూడదు. పచ్చసొనతో సహా గుడ్లు, మీగడ పెరుగు, పచ్చికొబ్బరి, వేరుశనగలు కూడా కావాలి. బరువు తగ్గాలనుకునేవాళ్లు కొంత లోటు ఉంచుకోవచ్చు కానీ, అన్నం, నూనె రెండూ ఒకేసారి మానేస్తే మిగిలేది నీరసమే. ఇన్సులిన్, షుగరు మాత్రలు వాడేవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా అన్నం మానకూడదు. షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు.