బండి లాగడం లేదా? బోరు చేయించే ముందు ఇవి చూడండి

పొద్దున బాగానే స్టార్టయిన స్కూటర్ ఊరు దాటగానే నీరసపడిపోతుంది. యాక్సిలేటర్ ఎంత తిప్పినా లాగదు. పాత బండి వాడే ఆడవాళ్లలో ఈ అవస్థ పడనివాళ్లెవరు?

మాది బొంరాస్‌పేట. ఇంట్లో పాతికేళ్లు దాటిన టూ స్ట్రోక్ స్కూటర్ ఉంది. కొడంగల్ మీదుగా తాండూరు వెళ్లి రావాలంటే నాకదే దిక్కు. దారంతా నాపరాళ్ల లారీలు రేపే దుమ్ము. ఆమధ్య బండి నాలుగైదు కిలోమీటర్లు పోగానే ఆగిపోవడం మొదలుపెట్టింది. కాసేపాగితే మళ్లీ మామూలే. మెకానిక్‌కు చూపిస్తే "ఇంజన్ అయిపోయింది మేడమ్, బోరు చేయించాలె" అన్నాడు. నెల సరుకులకు పెట్టుకున్న డబ్బంతా దానికే పోయేట్టుంది.

కానీ కిక్ కొడితే కాలికి గట్టిగానే తగులుతోంది. ఇంజన్లో ఒత్తిడి పోతే కిక్ తేలిగ్గా దిగిపోవాలి కదా! ఈసారి బండి ఆగగానే ట్యాంకు మూత తీశాను. సుయ్‌మంటూ గాలి లోపలికి పోయింది. మూతకుండే సన్న రంధ్రం దుమ్ముతో పూడుకుపోయింది. పెట్రోలు ఖర్చయ్యేకొద్దీ ట్యాంకులోకి గాలి వెళ్లాలి. లేకపోతే పెట్రోలు కిందికి దిగదు. మూత విడిగా తీసి పిన్నీసుతో శుభ్రం చేస్తే సరిపోయింది!

మీరూ ఈ వరుసలో చూసుకోండి.

* పెట్రోలు: ఉందా? కాక్ సరిగా తిప్పి ఉందా? పైపు మడతపడలేదు కదా?

* ఎయిర్ ఫిల్టర్: దుమ్ము పట్టితే ఇంజన్‌కు ఊపిరాడదు, పొగ పెరుగుతుంది.

* ప్లగ్: కొన బిస్కట్ రంగులో ఉంటే మంచిదే. నల్లగా మసిబారితే తుడవాలి, అరిగితే మార్చాలి.

* సైలెన్సర్: టూ స్ట్రోక్ బండిలో ఆయిల్ మసి పేరుకుని పొగ బయటకు పోనివ్వదు.

* ఇంజన్ మోత పెరిగినా బండి కదలకపోతే క్లచ్ జారుతోందేమో. స్టాండు వేసి చక్రం తిప్పండి, బరువుగా తిరిగితే బ్రేకు పట్టేసినట్టు.

ఇంకో మాట. 2025 నాటికి మన పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. పాత బండ్ల రబ్బరు పైపులు, వాషర్లు దానికి త్వరగా పాడవవచ్చు. అప్పుడప్పుడూ చూపించండి.

ఇంజన్ చల్లారాకే చెయ్యి పెట్టండి. మూత తీసినప్పుడు దగ్గర్లో నిప్పు ఉండకూడదు. మెకానిక్ దగ్గరకెళ్తే "బండి బాగాలేదు" అనకండి. ఎన్ని కిలోమీటర్లకు, ఎత్తులోనా, చదునులోనా, ఆగాక ఎంతసేపటికి కోలుకుంటోందో చెప్పండి. మార్చిన పాత సామాను అడిగి తీసుకోండి. తెలిసి అడిగేవాళ్లకు అనవసరపు బిల్లు వేయడం అంత తేలిక కాదు.