కంబైనల్లూరు నేల కింద ఆకలీ విందూ

ధర్మపురి జిల్లా కంబైనల్లూరు చుట్టూ ఎక్కువగా మెట్ట చేలు. రాగి, వేరుశనగ, ఉలవ వానను నమ్ముకుని పండాలి. నడివేసవిలో ఆ నేలను చూస్తే ప్రాణం లేనట్టే ఉంటుంది. కానీ గ్రాము మట్టిలో కోట్లకొద్దీ బాక్టీరియా ఉంటాయి. తడి ఆరేకొద్దీ అవి ఒంట్లో చక్కెరలూ అమైనో ఆమ్లాలూ కూడబెట్టి, ఉన్న నీటిని పట్టి ఉంచుకుంటాయి. తొలకరితో ఆ నిల్వే ప్రమాదమవుతుంది. నీరు లోపలికి దూసుకొస్తుంటే కణం పగలకుండా ఆ నిల్వను వెంటనే వదిలేయాలి. వదిలినదీ, చచ్చిన కణాల శేషమూ మిగతావాటికి విందు. అందుకే తొలివాన పడ్డ గంటల్లోనే నేల నుంచి కార్బన్ డయాక్సైడ్ ఒక్కసారిగా ఎగదన్నుతుంది. తూర్పు ఆఫ్రికా నేలలను పరిశీలించిన బర్చ్ అనే శాస్త్రవేత్త 1958లో దీన్ని రాశాడు.

బాక్టీరియా ఏది పడితే అది తినదు. 1941లో పారిస్‌లో జాక్ మోనో అనే శాస్త్రవేత్త ఇ.కోలై బాక్టీరియాకు గ్లూకోజు, లాక్టోజు కలిపి పెట్టాడు. ముందు గ్లూకోజు అయిపోయింది. పెరుగుదల కాసేపు ఆగింది. ఆ విరామంలో లాక్టోజుకు కావలసిన ఎంజైములు తయారయ్యాయి. ఆ వెతుకులాటే 1965 నోబెల్ దాకా వెళ్లింది.

నత్రజని విషయంలోనూ ఇదే పొదుపు. గాలిలోని ఒక్క నత్రజని అణువును పట్టడానికి కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువులు కనీసం 16 ఖర్చు. అమ్మోనియా చేతికందితే అజోస్పైరిల్లం అనే నేల బాక్టీరియా ఆ పని మానేస్తుంది. వేరుశనగ కూడా యూరియా ఎక్కువైతే, నత్రజని పట్టే బాక్టీరియా ఉండే వేరు బుడిపెలను తగ్గించుకుంటుంది. నేల ఉచితంగా చేసే పనిని మనమే డబ్బు పెట్టి ఆపిస్తున్నామన్న మాట.

మొక్క తీసుకోగా మిగిలిన యూరియా నైట్రేటుగా మారి, వాన నీటితో బోర్లలోకి దిగుతుంది. తాగునీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదన్నది భారత ప్రమాణం. దాటితే పసికందులకే ఎక్కువ ముప్పు. అక్కడ కూడా నైట్రేటును తొలగించగల బాక్టీరియా ఉంది. ఆక్సిజన్ ఉన్నంతసేపు దానితోనే ఊపిరి తీసి, అది తగ్గాక నైట్రేటుకు మారి, దాన్ని తిరిగి నత్రజని వాయువుగా గాలికి పంపుతుంది. ఇ.కోలైలో ఆక్సిజన్ తగ్గడాన్ని పసిగట్టేది ఎఫ్‌ఎన్‌ఆర్ అనే ప్రోటీను: ఆక్సిజన్ తగిలితే దానిలోని ఇనుము-గంధకం ముడి విడిపోతుంది, తగలకపోతే నిలిచి నైట్రేటు జన్యువులను మేల్కొలుపుతుంది.

అయితే ఊపిరి ఒక్కటే చాలదు, తిండీ కావాలి. ధర్మపురి బోర్లు గట్టి రాతి పగుళ్లలోని నీటిని తోడతాయి. ఆ లోతున సేంద్రియ కార్బన్ చాలా తక్కువ. ఆకలిగొన్న బాక్టీరియా నైట్రేటును అంతగా ముట్టదు. ఆ నైట్రేటు ఏళ్ల తరబడి నిలిచిపోవచ్చు.

ఈ జిల్లా నీటిలోని మరో ముప్పైన ఫ్లోరైడును ఏ బాక్టీరియా తిని పోగొట్టలేదు. అందుకే హొగెనక్కల్ తాగునీటి పథకంతో కావేరి నీళ్లు తెచ్చారు. నైట్రేటు సంగతి వేరు. దాన్ని పైపొరలోనే ఆపవచ్చు. విత్తే ముందు చివికిన పశువుల పెంట దున్ని కలిపితే బాక్టీరియాకు కార్బన్ దొరుకుతుంది, అదనపు నత్రజనిలో కొంత వాటి ఒంట్లోకే చేరుతుంది. యూరియా వేయవలసిన పైరుకు కూడా ఒకేసారి కాక విడతలుగా, పైరు లాగేంతే వేయాలి. దుక్కిలోనే మొత్తం చల్లే అలవాటు మాత్రం మానాలి: అప్పటికి దాన్ని లాగే వేరు చేలో ఉండదు.