దేహం ఉన్నట్టుండి వణికితే...

2020 డిసెంబరు మొదటి వారం. అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రమైన ఏలూరులో, ముందుగా వన్‌టౌన్ ప్రాంతంలో, మనుషులు ఉన్నట్టుండి కుప్పకూలిపోసాగారు. అంతవరకు ఇంటి పనుల్లో, బేరసారాల్లో మునిగి ఉన్నవారు ఒక్కసారిగా పడిపోయి, చేతులు కాళ్ళు కొట్టుకుంటూ, నోట నురగతో కొన్ని నిమిషాలపాటు స్పృహ కోల్పోయారు. తేరుకున్న తరువాత ఏం జరిగిందో చాలామందికి గుర్తు లేదు. పసివారు, వృద్ధులు, స్త్రీలు, పురుషులు అన్న తేడా లేదు. రోజుల వ్యవధిలోనే దాదాపు 600 మంది ఆసుపత్రి పాలయ్యారు. అత్యధికులు త్వరలోనే కోలుకున్నా, ప్రాణనష్టమూ జరిగింది.

అంతుచిక్కని వ్యాధి అంటూ పత్రికలు పతాక శీర్షికలు పెట్టాయి. తలా ఒక కారణం చెప్పారు. వైద్యులు మాత్రం ఊహాగానాలకు పోలేదు. రక్తం, వెన్నునీరు, తాగునీరు, పాలు, కూరగాయల నమూనాలు సేకరించారు. మెదడుకు స్కానింగులు చేయించారు. ఢిల్లీ ఎయిమ్స్‌కు పంపిన రక్త నమూనాల్లో సీసం, నికెల్ లోహాల జాడ కనిపించింది. అనంతరం జరిగిన పరిశోధనల్లో అనుమానం ప్రధానంగా పురుగుమందుల అవశేషాల వైపు మళ్ళింది. నరాల మీద పనిచేసే విషం కొద్ది మోతాదులో శరీరంలో చేరినా మనిషిని నేలకూల్చగలదని ఆ ఉదంతం తెలుగువారికి తెలియజెప్పింది.

ఏలూరులో వైద్యులు చేసిన పనినే ప్రతి కుటుంబమూ తన స్థాయిలో చేయవలసి ఉంటుంది. ఇంట్లో ఎవరికైనా అకారణంగా ఒళ్ళు వణికినప్పుడు కంగారుపడి ఏదో ఒక పేరు పెట్టేయకుండా, గమనించాలి, ప్రశ్నించాలి, ఆ తరువాతే నిర్ణయానికి రావాలి.

వణుకు వ్యాధి కాదు, సంకేతం

జ్వరం ఎలా ఒక వ్యాధి కాక అనేక వ్యాధుల లక్షణమో, వణుకు కూడా అంతే. నిజానికి ప్రతి మనిషి చేతిలోనూ కంటికి కనబడని సూక్ష్మమైన వణుకు సదా ఉంటుంది. భయం, కోపం, అలసట, నిద్రలేమి, మితిమీరిన కాఫీ, టీలు దానిని కంటికి కనిపించే స్థాయికి పెంచుతాయి. నిద్రలోకి జారుకుంటున్న క్షణంలో ఒళ్ళు ఒక్కసారి ఉలిక్కిపడటం కూడా సహజమే. వీటికి చికిత్స అవసరం లేదు.

అంతకు మించిన వణుకు కనిపించినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. వణికే సమయంలో మనిషికి స్పృహ ఉందా? చలి, జ్వరం ఉన్నాయా? చేతులు ఊరకే ఉన్నప్పుడు వణుకుతున్నాయా, లేక పని చేస్తున్నప్పుడు వణుకుతున్నాయా? ఈ మూడింటికి సమాధానం దొరికితే సగం దారి తెలిసినట్టే.

చలితో వచ్చే వణుకు

సూక్ష్మక్రిములు శరీరంలో ప్రవేశించినప్పుడు మెదడులోని ఉష్ణ నియంత్రణ కేంద్రం శరీర ఉష్ణోగ్రతను పెంచమని ఆజ్ఞాపిస్తుంది. వేడిని పుట్టించడానికి కండరాలు వేగంగా బిగిసి సడలుతుంటాయి. పళ్ళు టకటక కొట్టుకునేంత చలి అందుకే పుడుతుంది. మలేరియాలో ఇది ప్రస్ఫుటంగా కనిపిస్తుంది. ఒళ్ళు గడగడలాడించే చలి, తరువాత తీవ్ర జ్వరం, ఆపైన చెమటలు. కొందరిలో ఈ వరుస రోజు విడిచి రోజు తిరిగి వస్తుంది. మలేరియా క్రిమి దోమ శరీరంలో పెరుగుతుందని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనుగొన్నది మన సికింద్రాబాదులోనే. అయినా మన్యం ప్రాంతాల్లో ఈ చలిజ్వరం నేటికీ పూర్తిగా తొలగిపోలేదు.

మలేరియా ఒక్కటే కాదు. మూత్రనాళ ఇన్ఫెక్షన్, న్యుమోనియా, రక్తానికి పాకిన ఇన్ఫెక్షన్‌లలోనూ ఇలాంటి వణుకే వస్తుంది. చలితో పాటు మాట తడబడటం, మగత, ఆయాసం, మూత్రం తగ్గిపోవడం కనిపిస్తే అది అత్యవసర పరిస్థితి. దుప్పట్లు కప్పి తెల్లవారే వరకు వేచి ఉండటం ప్రాణాలకే ముప్పు.

చక్కెర పడిపోయినప్పుడు

మధుమేహానికి ఇన్సులిన్ లేదా కొన్ని రకాల మాత్రలు వాడేవారిలో భోజనం ఆలస్యమైతే రక్తంలో చక్కెర హఠాత్తుగా పడిపోతుంది. చేతులు వణకడం, చెమటలు పట్టడం, గుండె దడ, విపరీతమైన ఆకలి, చిరాకు దీని తొలి సూచనలు. నిర్లక్ష్యం చేస్తే స్పృహ తప్పవచ్చు, ఫిట్స్ రావచ్చు. చక్కెర 70 మిల్లీగ్రాముల కంటే తగ్గిందని తేలితే మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించాలి. పదిహేను నిమిషాల తరువాత మళ్ళీ పరీక్షించాలి. స్పృహలో లేని వ్యక్తి నోట్లో మాత్రం ఏమీ పోయరాదు.

రమజాన్ మాసంలో ఈ విషయం మరింత ప్రాముఖ్యం సంతరించుకుంటుంది. ఇఫ్తార్‌కు గంట ముందు చేతులు వణుకుతున్నా, కొద్దిసేపే కదా అని ఓర్చుకునేవారు మన ఇళ్ళలో ఎందరో ఉన్నారు. చక్కెర 70 కంటే తగ్గితే ఉపవాసం విరమించవలసిందేనని వైద్యులు హెచ్చరిస్తున్నారు. రోగికి ఉపవాసం విషయంలో దివ్యఖుర్‌ఆన్‌ స్వయంగా సడలింపు ఇచ్చింది. ఆ సడలింపును ఉపయోగించుకోవడం భక్తిలో లోపం కాదు, దైవానుగ్రహాన్ని స్వీకరించడమే. వేలి నుంచి రక్తపు చుక్క తీసి పరీక్షించుకోవడం వల్ల ఉపవాసం భంగం కాదన్నది అత్యధిక పండితుల అభిప్రాయం. మధుమేహం ఉన్నవారు రమజాన్ రావడానికి ముందే వైద్యుణ్ణి కలిసి మందుల మోతాదు, వేళలు సరిచేయించుకోవాలి.

చేతులు మాత్రమే వణుకుతుంటే

పాలన్నీ ఒకే గిన్నెలో పోయకూడదన్నట్టు, చేతుల వణుకునంతా ఒకే గాటన కట్టకూడదు. టీ కప్పు పట్టుకున్నప్పుడు, సంతకం పెట్టేటప్పుడు వణికి, చేతులు ఒడిలో పెట్టుకోగానే ఆగిపోయే వణుకును ఎసెన్షియల్ ట్రెమర్ అంటారు. ఇది చాలా కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తుంది. ప్రాణాపాయం లేదు. ఇబ్బంది ఎక్కువైతే మందులు ఉన్నాయి.

దీనికి విరుద్ధంగా, చేయి ఊరకే ఉన్నప్పుడు మాత్ర చుడుతున్నట్టు బొటనవేలు, చూపుడువేలు కదలడం, నడక మందగించడం, అక్షరాలు చిన్నవైపోవడం, ముఖంలో భావం తగ్గడం పార్కిన్సన్ వ్యాధి లక్షణాలు. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ దీనిని సవివరంగా వర్ణించాడు. మెదడులో డోపమిన్ అనే రసాయనం ఉత్పత్తి చేసే కణాలు క్రమంగా నశించడం దీనికి మూలం.

బరువు తగ్గుతూ, గుండె దడగా ఉంటూ, ఉక్కపోతను ఓర్చుకోలేని వ్యక్తికి చేతులు సన్నగా వణుకుతుంటే థైరాయిడ్ పరీక్ష చేయించాలి. థైరాయిడ్ శస్త్రచికిత్స తరువాత వేళ్ళు కొంకర్లు పోతుంటే కాల్షియం తగ్గిందేమో చూడాలి. ఆస్తమాకు వాడే సాల్బుటమాల్, కొన్ని మానసిక వ్యాధుల మందులు, మూర్ఛకు ఇచ్చే వాల్‌ప్రోయేట్ సైతం చేతుల్లో వణుకు పుట్టిస్తాయి. అందుకని మందును తమంతట తాము ఆపరాదు. వైద్యునికి చెప్పి మార్పించుకోవాలి.

మత్తుకు అలవాటుపడినవారి సంగతి వేరు. మద్యం హఠాత్తుగా ఆగిపోతే ఒకటి రెండు రోజుల్లో చేతులు వణకడం, ఫిట్స్, మతిభ్రమణం తలెత్తవచ్చు. తెలంగాణలో కొన్నిచోట్ల కల్లులో ఆల్ప్రజోలం, డైజీపామ్ వంటి నిద్రమందులు కలుపుతున్నారు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు, మద్యం దుకాణాలు ఒక్కసారిగా మూతపడినప్పుడు వణుకుతో, వింత ప్రవర్తనతో ఎందరో హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి వచ్చారు. వ్యసనం మానడం శుభపరిణామమే. కానీ ఏళ్ళ తరబడి అలవాటున్న వ్యక్తి వైద్య పర్యవేక్షణలోనే మానాలి.

పొలంలో మందు కొట్టి వచ్చిన వ్యక్తికి కండరాలు అదరడం, నోట లాలాజలం కారడం, కంటిపాపలు చిన్నవి కావడం కనిపిస్తే అది పురుగుమందు విషప్రభావం. బట్టలు తీసివేసి, ఒంటిని సబ్బుతో కడిగి, మందు డబ్బాతో సహా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

స్పృహ తప్పించే వణుకు

మెదడు కణాల మధ్య విద్యుత్ సంకేతాలు అదుపు తప్పి ఒక్కసారిగా చెలరేగితే వచ్చేది ఫిట్స్. ఇవి పదే పదే వచ్చే స్థితి మూర్ఛవ్యాధి. ఉర్దూలో మిర్గీ అంటారు. కారణాలు అనేకం: పుట్టుక సమయంలో మెదడుకు ప్రాణవాయువు అందకపోవడం, తలకు దెబ్బ, మెదడువాపు, పక్షవాతం, గడ్డలు.

మన దేశంలో మరో ముఖ్య కారణం ఉంది. పంది బద్దెపురుగు గుడ్లు కడుపులోకి చేరి, వాటి నుంచి వెలువడిన పిల్లపురుగులు మెదడులో తిత్తులుగా స్థిరపడటం. పంది మాంసం ముట్టని ఇళ్ళలో ఇది ఎలా సాధ్యమని ఆశ్చర్యం కలుగవచ్చు. ఆ పురుగు కడుపులో ఉన్న మనిషి మలం ద్వారా గుడ్లు నేలను, నీటిని, ఆకుకూరలను చేరుతాయి. సరిగా కడగని పచ్చి కూరగాయలు, శుభ్రం లేని చేతులే వాటికి వాహకాలు. కాబట్టి మాంసం విషయంలో జాగ్రత్త ఒక్కటే సరిపోదు. చేతుల శుభ్రత, కూరల శుభ్రత, మరుగుదొడ్డి వాడకం అంతే అవసరం.

ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల్లో కొందరికి జ్వరం పెరిగినప్పుడు ఫిట్స్ వస్తాయి. చూసేవారికి గుండె ఆగినంత పని అవుతుంది కానీ, చాలావరకు ఇవి కొద్ది నిమిషాల్లో ఆగిపోతాయి, పెరిగేకొద్దీ పోతాయి. అయినా మొదటిసారి వచ్చినప్పుడు మెదడువాపు లాంటిది లేదని వైద్యుడే నిర్ధారించాలి.

ఫిట్స్ వచ్చిన వ్యక్తిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. చుట్టూ ఉన్న గట్టి వస్తువులు తొలగించాలి. మెడ దగ్గర బిగుతు వదులు చేయాలి. సమయం చూసుకోవాలి. చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టడం, ఉల్లిపాయ, చెప్పు వాసన చూపించడం వల్ల ప్రయోజనం లేదు. పళ్ళ మధ్య చెంచా దూర్చడం, నీళ్ళు పోయడం హానికరం. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే, స్పృహ రాకముందే మళ్ళీ వస్తే, గర్భిణికి వస్తే, తలకు దెబ్బ తగిలితే తక్షణం 108కు ఫోను చేయాలి.

మనసు వణికినప్పుడు

పరీక్షలన్నీ సరిగానే ఉన్నా కొందరికి వణుకు వస్తూనే ఉంటుంది. తీవ్రమైన ఆందోళనలో ఊపిరి వేగంగా పీల్చడం వల్ల చేతివేళ్ళు తిమ్మిరెక్కి, ఒళ్ళు వణికి, చచ్చిపోతామన్న భయం కలుగుతుంది. మరికొందరికి అణచిపెట్టుకున్న దుఃఖం, అవమానం, హింస అచ్చం ఫిట్స్ వలె బయటపడతాయి. అత్తవారింట నోరు విప్పలేని కోడలు, పరీక్షల ఒత్తిడిలో నలిగిన విద్యార్థిని నటిస్తున్నారని నిందించడం అన్యాయం. ఆ వణుకు వారి అదుపులో ఉండదు. వారికి కావలసింది మానసిక వైద్యుని సహాయం, ఇంట్లోవారి ఆదరణ.

దాచిపెట్టడం వల్ల కలిగే కీడు

వణుకు కనిపించగానే గాలి సోకిందని, దిష్టి తగిలిందని, సాయా పడిందని తావీజులు కట్టించి, పొగలు వేయించి, ఏళ్ళు గడిపే కుటుంబాలు ఉన్నాయి. కొన్నిచోట్ల రోగిని కొట్టడం, గొలుసులతో కట్టడం కూడా జరుగుతోంది. ఖుర్‌ఆన్ పఠనం, దుఆ విశ్వాసికి బలం. కానీ దుఆ చేయమన్న దైవప్రవక్త (స) చికిత్స చేయించుకోమని కూడా బోధించారు. ఈ రెండింటి మధ్య పోటీ లేదు.

మూర్ఛతో బాధపడే ఒక మహిళ దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చిన ఉదంతాన్ని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ద్వారా బుఖారీ గ్రంథం నమోదు చేసింది. ఆమె సహనాన్ని ఎంచుకుని, మూర్ఛ సమయంలో తన వస్త్రాలు తొలగకుండా ఉండేందుకు మాత్రం దుఆ కోరింది. ఆయన ఆమె కోరిన దుఆ చేశారు, స్వర్గవాసి అన్న శుభవార్త ఇచ్చారు. ఆ వ్యాధి ఉన్న మనిషిని సమాజం ఏ దృష్టితో చూడాలో చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు.

అయినా పెళ్ళి సంబంధాలు తప్పిపోతాయన్న భయంతో ఆడపిల్ల మూర్ఛను దాచి, పెళ్ళయ్యాక మాత్రలు రహస్యంగా వేసుకోలేక ఆమె మానేసే పరిస్థితి కల్పిస్తున్నాం. ఒక్కసారిగా మాత్రలు ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం పోయే ప్రమాదముంది. సరైన మందులు క్రమం తప్పక వాడితే దాదాపు 70 శాతం మందిలో ఫిట్స్ అదుపులో ఉంటాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వారు చదువుకోగలరు, ఉద్యోగం చేయగలరు, తల్లులు కాగలరు. గర్భధారణకు ముందే వైద్యుణ్ణి కలిసి తగిన మందుకు మారితే చాలు. 1999లో భారత ప్రభుత్వం హిందూ వివాహ చట్టం, ప్రత్యేక వివాహ చట్టాల నుంచి మూర్ఛ ప్రస్తావనను తొలగించింది. చట్టం వదిలేసిన అపవాదును మన ఇళ్ళు ఇంకా మోయడం విచారకరం.

వైద్యుని వద్దకు వెళ్ళేటప్పుడు

వైద్యుడు వణుకును స్వయంగా చూసే అవకాశం తక్కువ. కాబట్టి ఇంట్లోవారే ఆయనకు కళ్ళు కావాలి. వణుకు ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు ఉంది, ఒకవైపా రెండువైపులా, స్పృహ ఉందా, నాలుక కరచుకున్నారా, మూత్రం పోయిందా, అంతకు ముందు ఏం తిన్నారు, ఏ మందులు వాడుతున్నారు అన్నవి కాగితం మీద రాసుకోవాలి. రోగి గౌరవానికి భంగం కలగకుండా ఫోనులో వీడియో తీసి వైద్యునికి మాత్రమే చూపితే రోగ నిర్ధారణ ఎంతో సులభమవుతుంది. ఆ వీడియో బంధువుల గ్రూపుల్లో తిరగకూడదు.

ఏలూరులో బాధితులను ఆసుపత్రికి చేర్చారు. మన ఇంట్లో ఒక్కరే వణికినా వారి హక్కు కూడా అంతే.