మిగిలిన మందు ఇంట వుంచకండి

దాళ్వా చేలకు మందు కొట్టడం అయిపోయింది. డబ్బా అడుగున కాస్త మిగిలింది. అది ఇప్పుడు ఎక్కడ వున్నది? ఒక్కసారి గుర్తు చేసుకోండి. కొవ్వూరు చుట్టుపట్ల ఏ వూరు చూసినా, అది సావిట్లోనే వుంటుంది.

పిల్లలు ముట్టుకుంటారని మీకు భయం వున్నది గదా, అది సరే. ఈ పూట చెప్పదలచింది పెద్దవాళ్ళ సంగతి. అప్పిచ్చినవాడు నలుగురిలో మాటన్నాడు. గాలికి అరటి తోట పడిపోయింది. ఇంట్లో మాటా మాటా పెరిగింది. అటువంటి గడియలో ఒక్కొక్కరికి చావు తలపు వస్తుంది. చాలామందిలో అది కొద్ది సేపట్లో చల్లారే వుద్రేకం. ఆ కాసేపూ చేతికి విషం అందకపోతే మనిషి దక్కుతాడు. “పోదలచినవాణ్ణి ఎవరాపగలరు?” అంటారు మనవాళ్ళు. ఆ మాట నిజం కాదు. ఒకసారి గండం గడిచినవారిలో అత్యధికులు ఆ తరువాత ఆత్మహత్యతో చనిపోరు.

శ్రీలంక 1995లో అతి విషపూరితమైన పురుగుమందులను, 1998లో ఎండోసల్ఫాన్‌ను ఆపివేసింది. 2005 నాటికి అక్కడ ఆత్మహత్యల రేటు సుమారు సగానికి దిగింది. మరి దిగుబడి? తగ్గలేదు. మన దేశంలోనూ 2018లో 18 మందులను నిషేధించారు. 12 వెంటనే, తక్కిన 6 2020 ఆఖరు నుంచి. పాత డబ్బాలు ఇంకా వుంటే రైతు సేవా కేంద్రంలో చూపించి, ఏం చేయవలెనో అడగండి.

ఇంట్లోనే పెట్టెలో పెట్టి తాళం వేస్తే చాలదా అంటారేమో. శ్రీలంకలోనే 180 వూళ్ళలో అలా ఇంటింటి తాళంపెట్టెలను పరీక్షించి చూశారు. 2017లో తేలినదేమంటే, విషం తాగడం తగ్గలేదు. నన్నడిగితే, తాళంచెవి ఇంట్లోనే వుంటే తాళం వున్నా ఒకటే! తమిళనాట కడలూరు జిల్లాలో వేరే దారి పట్టారు. వూరుమ్మడిగా ఒక మందుల గది, అందులో రైతులకు తాళంపెట్టెలు. మన సొసైటీలు ఇటువంటి గది ఒకటి ఎందుకు పెట్టరాదు? వ్యవసాయ సహాయకులు ఈ సంగతి గ్రామసభలో కదపాలి. ఈలోగా చేనుకు ఎంత కావాలో అంతే కొనండి.

ఇంట్లో ఎవరైనా దిగాలుగా వుంటే, “చావాలనిపిస్తోందా?” అని సూటిగానే అడగండి. అడిగినందువల్ల లేని తలపు పుట్టదు. రాత్రీ పగలూ 14416కు ఫోను చేస్తే డబ్బు లేకుండా తెలుగులో మాట్లాడతారు. ఎవరైనా మందు తాగారని తెలిస్తే ఉప్పునీళ్ళు పోసి వాంతి చేయించకండి. వెంటనే 108ని పిలవండి, ఆ డబ్బా చీటీతో సహా ఆసుపత్రికి పట్టుకెళ్ళండి.